జంప్ ముందు జీనులో కూర్చోవాలా, లేవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖలో ఎనిమిది నెలలుగా రైడింగ్ నేర్చుకుంటున్నారు. ట్రాట్ (దుడుకు నడక), క్యాంటర్ (నెమ్మది దౌడు) కుదిరాయి. ఇప్పుడు 60 సెంటీమీటర్ల క్రాస్ పోల్ (రెండు కర్రలు X ఆకారంలో పెట్టిన అడ్డం) మీద జంపింగ్ మొదలుపెట్టారు. ఒక కోచ్ గారు "మలుపు తిరగ్గానే జీనులోంచి లేచి టూ పాయింట్‌లోకి వెళ్లిపో" అంటున్నారు. ఇంకొకరు "చివరిదాకా కూర్చునే ఉండు, గుర్రమే నిన్ను లేపుతుంది" అంటున్నారు. ఇద్దరి మాటా నిలబెడదామని మీరు దారి మధ్యలో లేస్తున్నారు, మళ్లీ కూర్చుంటున్నారు. మూడుసార్లలో ఒకసారి గుర్రం మొరాయిస్తోంది. అది దూకినప్పుడేమో మీరు వెనకబడిపోయి దాని నోరు లాగేస్తున్నారు. ఎవరి మాట వినాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. లేచీ లేవనట్టు ఉండండి. జంప్ ముందు చివరి మూడు స్ట్రైడ్లలో, అంటే గుర్రం వేసే చివరి మూడు అంగల్లో, ఏదీ మార్చకండి.

లేచీ లేవనట్టు అంటే, సీటు జీనుకు తగిలీ తగలకుండా ఉండాలి. బరువు తొడల మీదుగా పిక్కల్లోకి, అక్కణ్ణించి మడమల్లోకి దిగాలి. ఛాతీ కొంచెం ముందుకు, వీపు తిన్నగా, చూపు జంప్ అవతల. దీన్నే లైట్ సీట్ అంటారు. రెండు కాళ్లే గుర్రానికి ఆనుకుని, సీటు పూర్తిగా గాల్లో ఉంటే టూ పాయింట్. సీటు కూడా ఆనితే త్రీ పాయింట్. లైట్ సీట్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మీ ఇద్దరు కోచ్‌ల మధ్య తగాదా అంతా కలిపి నాలుగు వేళ్ల ఎత్తు. ఆ నాలుగు వేళ్ల వల్ల మీ గుర్రం ఆగడం లేదు. మీరు పైకీ కిందికీ ఆడుతున్నారు కాబట్టి ఆగుతోంది.

నేనెవరో చెప్పకపోతే ఈయనెవడు తీర్పు చెప్పడానికి అనుకుంటారు. మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు ఇంటికొకరు ఫౌజులో ఉంటారు కదా, నేనూ వెళ్లాను, కాకపోతే నా వాటాకి గుర్రాలొచ్చాయి. ఇరవై రెండేళ్లు వాటితోనే గడిచింది. రిటైరయ్యాక భీమిలి వైపు పదకొండేళ్లుగా పిల్లలకీ పెద్దలకీ నేర్పుతున్నాను. పెద్ద పోటీల్లో పతకాలు తెచ్చినవాణ్ణి కాదు. కిందపడ్డవాళ్లను లేపడంలో మాత్రం నాకు బాగా అనుభవం ఉంది, నన్ను నేను లేపుకోవడంతో సహా.

ఇప్పుడు కారణం. జంప్ ముందు గుర్రం ఏం చేస్తుందో చూడండి. ఊరికే నిలబడి ఉన్న గుర్రం ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. దూకాలంటే ఆ ముందు భాగాన్ని తేలిక చేసుకోవాలి, వెనక కాళ్లను పొట్ట కిందికి తెచ్చుకోవాలి, వాటితో నేలను తన్నాలి. సరిగ్గా ఆ క్షణంలో మీరు టూ పాయింట్ అనుకుంటూ దాని మెడ మీదికి వాలితే? కావిడి మోసేవాడు గట్టు ఎక్కబోతుంటే ముందు బుట్టలో ఇటుక పడేసినట్టే. వాడు ఎక్కలేడు, లేదా ఆగిపోతాడు. గుర్రమూ అంతే, దాన్ని తప్పు పట్టడానికి లేదు.

అలాగని దానికి విరుగుడుగా ఆఖరి స్ట్రైడ్‌లో జీనులో కుదేసి కూర్చుంటే ఇంకో తంటా. గుర్రం వీపు కిందికి దిగిపోతుంది, తల పైకి లేస్తుంది, వెనక కాళ్లు వెనకే ఉండిపోతాయి. అలా దూకితే దాని వీపు మిమ్మల్ని మెత్తగా లేపదు, కుదిపి విసిరేస్తుంది. మీరు వెనకబడతారు, పడిపోకుండా ఆగడానికి చేతులు పగ్గాలు పట్టుకు వేలాడతాయి, దెబ్బ నోటికి తగులుతుంది. దూకినందుకు నోరు నొప్పెట్టింది అని దానికి గుర్తుండిపోతుంది. తర్వాతిసారి ఆగుతుంది. మీరు రాసిన రెండు లక్షణాలూ, ఆగడం, వెనకబడటం, నా లెక్కలో ఒకే జబ్బు.

చివరి మూడు స్ట్రైడ్లు అని ఎందుకంటున్నానంటే, పెద్ద గుర్రం క్యాంటర్‌లో ఒక స్ట్రైడ్‌కి సుమారు 3.6 మీటర్లు వెళుతుంది. మూడంటే దాదాపు 11 మీటర్లు. మీరు వెళ్లే వేగానికి అది రెండు సెకన్లు, మహా అయితే రెండున్నర. ఆ వ్యవధిలో గుర్రం తన లెక్క తాను వేసుకుంటూ ఉంటుంది. పైగా దాని కళ్లు తలకు పక్కల్లో ఉంటాయి కాబట్టి సరిగ్గా ముక్కు ముందున్న కొంత మేర దానికి కనిపించదు. జంప్ మీదికొచ్చేసరికి అది అంతకుముందు చూసినదాన్ని నమ్ముకునే దూకుతుంది. మీరు ఆ రెండు సెకన్లలో మూడుసార్లు భంగిమ మారిస్తే దాని లెక్క మూడుసార్లు చెరిపేసినట్టు.

మార్చాల్సినదేదైనా మలుపులోనే మార్చేసుకోండి. వేగం ఎక్కువైతే మలుపులో తగ్గించండి. తక్కువైతే మలుపు నుంచి బయటికొస్తూ పిక్కతో అడగండి. పగ్గాలు పొడవయ్యాయా, అక్కడే కుదించుకోండి. తిన్నని దారిలోకి వచ్చాక మీ పని జంప్ మధ్యకి తిన్నగా నడిపించడం, లయ చెడకుండా చూడటం, అంతే. చేతులు కట్టుకుని కూర్చున్నట్టు అనిపిస్తుంది. మొదట్లో అందరికీ అదే టెన్షన్, ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది.

నా సొంత కథ ఒకటి. సర్వీసులో మూడో ఏడు, ఒంట్లో నెత్తురు ఉరకలేస్తున్న వయసు. మీటరు పైన ఉన్న ఆక్సర్, అంటే ముందూ వెనకా రెండు వరసల కర్రలుండే వెడల్పాటి జంప్. అడ్డం ఇంకా ఒక స్ట్రైడ్ దూరంలో ఉండగానే నేను గుర్రం మెడ మీదికి దూకేశాను, అదేదో సాయం చేస్తున్నట్టు. గుర్రం ఆగింది, నేను ఆగలేదు. దాని చెవుల మీదుగా అవతలికి వెళ్లాను. భుజం ముందు ఎముక విరిగింది. ఉస్తాద్ వచ్చి ముందు గుర్రం కాళ్లు తడిమి చూశాడు, తర్వాత నా వైపు తిరిగి, "దానికంటే ముందు నీకేమైనా పనుందా అవతల?" అన్నాడు. ఆరు వారాలు చెయ్యి కట్టుకుని లాయంలో పేడ ఎత్తాను. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఈ పొరపాటు ఎక్కణ్ణించి వస్తుందో కూడా చెప్తాను. ఫోటోల నుంచి. జంపింగ్ ఫోటో అనగానే మనం చూసేది గుర్రం గాల్లో ఉన్న క్షణం. రైడర్ బాగా ముందుకు వంగి, సీటు జీనుకి దూరంగా, చేతులు మెడ వెంట. అది గాల్లో ఉండే భంగిమ, జంప్ దగ్గరికి వచ్చే భంగిమ కాదు. దగ్గరికొస్తున్నప్పటి ఫోటో ఎవరూ పంచుకోరు, అందులో చూడ్డానికేమీ ఉండదు. 1949లో చిలీలో కెప్టెన్ అల్బెర్టో లర్రాగిబెల్ హువాసో అనే గుర్రం మీద 2.47 మీటర్లు దూకాడు, ఆ ప్రపంచ రికార్డు ఇంకా అలాగే ఉంది. ఆ ఫోటో నా విద్యార్థుల ఫోన్లలో సగం మందికి ఉంది. ఆయనకి మొదటి రెండు ప్రయత్నాలూ ఫలించలేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మీ 60 సెంటీమీటర్లకి గుర్రం నిజానికి దూకడం కూడా దూకదు, క్యాంటర్‌లో ఒక స్ట్రైడ్ కాస్త పెద్దగా వేస్తుంది. ఫోటోలో లాగ మడతపడాల్సిన అవసరమే లేదు. గుర్రం మూపు పైకి లేచినప్పుడు మీ తుంటి దగ్గర కీలు దానంతటదే మూసుకుంటుంది, దిగేటప్పుడు తెరుచుకుంటుంది. ఎంత మూసుకోవాలన్నది జంప్ ఎత్తే చెప్తుంది.

అసలు ముందుకు వంగే పద్ధతే మరీ పాతదేం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో అశ్విక దళాల్లో జంప్ మీద వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాచి, పగ్గాలు బిగించేవాళ్లు. అలా చేస్తే గుర్రం ముందు కాళ్లకి దెబ్బ తగ్గుతుందని నమ్మకం. ఇటలీ సైన్యంలో ఫెదెరికో కాప్రిల్లి అనే అధికారి రైడర్ లేని గుర్రాలను వదిలి, అవి తమంతట తాము ఎలా దూకుతున్నాయో గమనించాడు. అవి మెడ చాచుతున్నాయి, ముందు కాళ్ల మీదే దిగుతున్నాయి. అలాంటప్పుడు వెనక్కి లాగడం దేనికని, పాదాలు పెట్టుకునే రికాబులు కురచ చేయించి, గుర్రం మెడను వదిలేసి, దానితో పాటు వెళ్లమన్నాడు. 1907లో, నలభై నిండకుండానే, గుర్రం మీంచి పడి పోయాడు. ఆయన చెప్పింది గుర్రంతో పాటు వెళ్లమని. గుర్రం కంటే ముందు వెళ్లమని కాదు. ఆ తేడా పోగొట్టుకుని కదా నేను పేడ ఎత్తింది.

ఇక్కడ ఒక మెలిక. అందరికీ ఒకే మందు పనికిరాదు, గుర్రాన్ని బట్టి, మనిషిని బట్టి ఆ నాలుగు వేళ్లు మారతాయి. మీ ఇద్దరు కోచ్‌లూ వేర్వేరు గుర్రాల మీద మిమ్మల్ని చూసి వేర్వేరు మాటలు చెప్పి ఉంటే నేను ఆశ్చర్యపోను.

మన రైడింగ్ స్కూళ్లలో చాలా గుర్రాలు రేసుల నుంచి దిగి వచ్చినవే. వాటి చిన్నతనమంతా వీపు మీద బరువు లేపి, పగ్గాలు కురచగా పట్టి, ముందుకు వంగితే "పరిగెత్తు" అని అర్థం. అలాంటిదాని మీద మీరు మలుపు దగ్గరే పూర్తి టూ పాయింట్‌లోకి వెళ్తే అది జంప్‌ని జంపులా చూడదు, ఆఖరి ఫర్లాంగు అనుకుంటుంది. ఆ గుర్రం మీద ఛాతీ నిటారుగా, సీటు జీనుకి దగ్గరగా ఉండండి, కానీ బరువు వేసి నొక్కకండి. నొక్కితే కూడా పరిగెడుతుంది. ఇక బద్ధకపు గుర్రం, అడ్డం చూడగానే ఆలోచనలో పడేది ఉంటుంది. దానికి సీటు ఆనించి, పిక్క వదలకుండా, "పద, నేనున్నాను" అన్నట్టు తీసుకెళ్లాలి. మీది మూడింట ఒకసారి ఆగుతోంది కాబట్టి, నేను చూడకుండా చెప్పాల్సి వస్తే, మీ రెండో కోచ్ గారి వైపే కొంచెం మొగ్గుతాను. వీపు సున్నితంగా ఉన్న గుర్రమో, బాగా లేత వయసు గుర్రమో అయితే మొదటాయన మాట నయం.

పొట్టి గుర్రాల విషయంలో ఇంకో మాట. పాడేరు ఏజెన్సీ కొండల్లో సామాన్లు మోసే చిన్న గుర్రాలను చూసే ఉంటారు. అంత కురచ గుర్రాలకి పైన చెప్పిన 3.6 మీటర్ల లెక్క పనికిరాదు, స్ట్రైడ్ చాలా చిన్నది. జంప్ ముందు నేల మీద పరిచే పోల్స్ దూరాలు దగ్గరికి జరపాలి.

మనుషుల్లో కూడా తేడాలే. బీచ్‌లో గుర్రాలు తిప్పుతూ పెరిగిన కుర్రాడొకడు మా దగ్గరికి వచ్చాడు. రికాబులు లేకుండా ఇసుకలో దౌడు తీయగలడు, వాడి బ్యాలెన్స్ చూస్తే నాకే అసూయ. కానీ జంప్ రాగానే అలవాటు కొద్దీ వెనక్కి వాలి కాళ్లు ముందుకు చాచేవాడు, కాప్రిల్లికి ముందు రోజుల్లో లాగ. వాడికి లైట్ సీట్ అని చెప్తే ఎక్కలేదు. నెల రోజులు అచ్చంగా టూ పాయింట్‌లోనే తిప్పాను, జంప్ లేకుండా. అదే నెలలో ఇంకో అమ్మాయి, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆవిడ పోజు చూస్తే పుస్తకంలో బొమ్మలా ఉంటుంది, కానీ ఆడగుర్రం ప్రతిసారీ ఆగేది. రెండు రోజులు నాకూ అంతుపట్టలేదు. పక్కనుంచి కాక ఎదురుగా నిలబడి చూస్తే దొరికింది. సరిగ్గా ఆఖర్న ఆవిడ కళ్లు కింద పోల్ మీదికి దిగుతున్నాయి. కళ్లు దిగితే తల దిగుతుంది, తల దిగితే భుజాలు, భుజాలతో పాటు బరువంతా గుర్రం మెడ మీదికి. మా మైదానం చివర ఒక తాటిచెట్టు ఉంది. దాని మొవ్వు వంక చూస్తూ రమ్మన్నాను, "కాయలెన్ని ఉన్నాయో చెప్పు" అని. సరైన లెక్క ఒక్కసారి కూడా చెప్పలేదు గానీ గుర్రం మాత్రం ఆగడం మానేసింది.

ఇక మీరు చేయాల్సినవి. రికాబులు మామూలుగా స్వారీ చేసేదానికంటే రెండు మూడు రంధ్రాలు కురచ చేయండి. పొడవు రికాబులతో లైట్ సీట్ నిలబెట్టడం ఎవరి తరమూ కాదు, కాలివేళ్ల మీద నిలబడతారు, కాలు వెనక్కి జారుతుంది. మోకాలితో జీనుని నొక్కి పట్టుకోకండి. మోకాలు బిగిస్తే పిక్క వదులవుతుంది, మోకాలు ఇరుసులా మారి మిమ్మల్ని ముందుకు తిప్పేస్తుంది. పడేవాళ్లలో సగం మంది ఇలాగే పడతారని నా అనుభవం.

తర్వాత గుర్రం మెడకి ఒక పట్టీ కట్టమని సైసుని, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషిని, అడగండి. పాత రికాబు తోలైనా చాలు. తిన్నని దారిలోకి వచ్చాక రెండు వేళ్లు ఆ పట్టీలో దూర్చండి. లేకపోతే జూలు పట్టుకోండి, దానికి నొప్పేమీ ఉండదు. సిగ్గుపడకండి. మీరు వెనకబడ్డా లాగేది పట్టీని, నోటిని కాదు. పట్టీ లేని రోజు వెనకబడితే వేళ్లు తెరిచి పగ్గాలు జారనివ్వండి. పగ్గాలు పొడవైపోతే దిగాక సర్దుకోవచ్చు. చెడిన నోటిని సర్దడానికి నెలలు పడుతుంది.

వారం రోజులు క్యాంటర్ జంప్ మానేసి ట్రాట్‌లో రండి. క్రాస్ పోల్‌కి ముందు నేల మీద ఒక పోల్, సుమారు 2.5 నుంచి 2.7 మీటర్ల దూరంలో. ఎక్కడ లేవాలో ఆ పోలే గుర్రానికి చెప్తుంది, మీకు చెప్పే పని తప్పుతుంది. అది కుదిరాక అవతల 5.5 మీటర్లకి రెండో చిన్న జంప్ పెట్టించండి. ట్రాట్‌లో వచ్చి, మొదటిది దాటి, మధ్యలో ఒకే ఒక్క క్యాంటర్ స్ట్రైడ్ వేసి రెండోది దాటుతుంది. మధ్యలో భంగిమ మార్చే తీరికే ఉండదు, అదే దీని సుగుణం. గుర్రాన్ని బట్టి కొలతలు అటూఇటూ జరపాలి, కాబట్టి కోచ్ గారు పక్కన ఉన్నప్పుడే చేయండి. ఆ పదకొండు మీటర్లూ నోరు తెరిచి "ఒకటి, ఒకటి, ఒకటి" అని స్ట్రైడ్‌కొకసారి అనండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టకండి, లయ కోసం మాత్రమే. మాట్లాడుతున్న మనిషి ఊపిరి బిగపట్టలేడు, ఊపిరి బిగపట్టని మనిషి నడుము బిగుసుకోదు.

మన ఊరి నేల, వాతావరణం గురించి కూడా రెండు ముక్కలు, బయటి వీడియోల్లో ఇవి దొరకవు. దయచేసి బీచ్‌లో జంప్ పెట్టకండి. ఎండిన ఇసుక లోతు, గుర్రం కాలి స్నాయువుల (టెండన్ల) మీద భారం పడుతుంది, దిగబడిన కాలుతో అది లేవలేక ఆగితే మీ సీటులో లోపమనుకుంటారు. తడి ఇసుక గట్టిగా కనిపిస్తుంది గానీ పది గజాలకొక రకంగా ఉంటుంది. మైదానంలో కూడా వాన పడ్డ మర్నాడు జంప్ దిగే చోట బురద ఉందేమో కాలితో తొక్కి చూడండి. ఉక్కపోతకి పగ్గాలు చెమటతో జారతాయి, జారుతున్నాయని చేతులు బిగిస్తాం, చేతులు బిగిస్తే మళ్లీ అదే కథ. రబ్బరు పట్టున్న పగ్గాలు వాడండి, వేసవిలో పొద్దున ఆరున్నర లోపు జంపింగ్ ముగించండి. ఎగశ్వాస తీస్తూ ఒంటి మీద చెమట లేని గుర్రం కనిపిస్తే అలిసిపోలేదని సంబరపడకండి, మన తీర వాతావరణంలో కొన్నిటికి చెమట పట్టడమే ఆగిపోతుంది. అది ప్రమాదం. వెంటనే దిగి, నీడకి తీసుకెళ్లి నీళ్లు పోయించి, డాక్టర్‌కి చూపించాలి.

మొరాయించడం హఠాత్తుగా మొదలైతే రైడర్ని చూసే ముందు గుర్రాన్ని చూడాలి. వీపు తడమండి, జీను కింద పుండ్లున్నాయేమో, డెక్కల నాడాలు వదులయ్యాయేమో. మా దగ్గర ఒక గుర్రాన్ని పదిహేను రోజులు పొగరుబోతని తిట్టాక తెలిసింది, జీను మూపు మీద ఒరుసుకుంటోందని. తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇవన్నీ రెండు వారాలు చేశాక ఎవరిచేతనైనా ఫోన్లో వీడియో తీయించి ఇక్కడే పెట్టండి. జంప్ మీద కెమెరా పెట్టొద్దు. మలుపు నుంచి జంప్ దాకా ఉన్న ఆ పదకొండు మీటర్లూ పక్కనుంచి కనిపించాలి, గాల్లో ఉన్నది లేకపోయినా ఫర్వాలేదు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద వదులుగా కనబడితే మాత్రం వీడియో చూడకుండానే తిడతాను.